ముందు ఏ పేజీలో ఉన్నారో చెప్పండి

ఈ టపా ఏ ఒక్కరినో ఉద్దేశించి రాసింది కాదు. చదివాక "ఇది నా గురించేనా?" అని ఎవరికైనా అనుమానం వస్తే, అవును, మీ గురించే. నా గురించి కూడా. ఆ ముచ్చట కొంచెం కిందికి పోయాక వస్తుంది.

మొన్న జనవరి 1న పొద్దున లేచి ఫోన్ చూస్తే, నేనున్న మూడు వాట్సాప్ గ్రూపుల్లో (ఇంజనీరింగ్ బ్యాచ్‌ది ఒకటి, ఆఫీసుది ఒకటి, అపార్టుమెంటుది ఒకటి) కలిపి 11 ఫోటోలు. అన్నీ పుస్తకాల దొంతరలే. తెల్ల దుప్పటి, పక్కన కాఫీ కప్పు, మూలకు ఒక మనీప్లాంట్ ఆకు. కింద రెండు వరుసలు: ప్రస్తుతం చదువుతున్నవి, ఈ సంవత్సరం చదవబోయేవి. ఒక మిత్రుడి దొంతరలో 6 పుస్తకాలుంటే అందులో 4 పోయినేడు జనవరి 1 ఫోటోలో కూడా ఉన్నాయి. ఎలా తెలుసంటే, పైకి స్క్రోల్ చేసి చూశాను కాబట్టి. (రిలీజ్ ఫ్రీజ్, పని లేదు.) రెండింటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, లైటు పడి మెరుస్తోంది. ఆ ఫోటోకి 43 చప్పట్లు.

అందులో ఒక చప్పట నాది. 

కొట్టాక నాకే సిగ్గనిపించింది. ఏం చూసి కొట్టాను? మనిషి చదివినందుకా? చదవలేదు కదా. చదువుతానన్నందుకు. మన ప్రాజెక్టుల్లో ఎవరైనా వచ్చి "ఈ క్వార్టర్‌లో 24 ఫీచర్లు చేస్తాను" అని స్లైడు చూపిస్తే వెంటనే "పోయిన క్వార్టర్‌వి ఏమైనాయి బాబూ?" అని అడుగుతాం. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదన్నట్టు అందరం కలిసి ఒప్పందం చేసుకున్నాం. గుడ్‌రీడ్స్‌లో మూడు అరలుంటాయి కదా: చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకుంటున్నవి. మూడో అర పెంచుకోవడానికి ఒక నొక్కుడు చాలు. నా మూడో అరలో 212 ఉన్నాయి. రెండో అరలో 9. తొమ్మిది పుస్తకాలు ఏకకాలంలో చదివే మనిషిని నేనింతవరకు చూడలేదు, అద్దంలో కూడా.

"పెట్టుకుంటే పెట్టుకోనీ, నీకేం నొప్పి?" అంటారేమో. నొప్పి ఉంది. చెప్తాను.

పోయినేడు కొత్త ప్రాజెక్టు మొదలైనప్పుడు మొదటి కాల్‌లో మేనేజర్ ఒక ఆట పెట్టాడు. ఒక్కొక్కరు పేరు చెప్పాలి, ఏం పని చేస్తారో చెప్పాలి, ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నారో చెప్పాలి. మొత్తం 14 మంది. నా వంతు వచ్చేసరికి నా బ్యాగులో నిజంగా ఒక పుస్తకం ఉంది. సామల సదాశివ గారి 'స్వరలయలు'. అంతకు ముందు రోజు మెట్రోలో చదువుతూ దిగాల్సిన స్టేషన్ దాటి పోయాను కూడా. నేనేమన్నానో తెలుసా? "అటామిక్ హ్యాబిట్స్" అన్నాను.

ఆ పుస్తకం మీద నాకు కోపమేమీ లేదు. నేను చదవలేదు, అంతే. మొదటి చాప్టరు సారాంశం ఎక్కడో విన్నాను. మరి ఎందుకన్నాను? ఎందుకంటే నిజం చెప్పాలంటే ఇంత చెప్పాలి: ఇది తెలుగు పుస్తకం, రాసినాయన ఆదిలాబాద్‌లో ఉండే టీచరు, కానీ పుస్తకమేమో హిందుస్తానీ సంగీతం గురించి, ఆయనకు ఉర్దూ ఫారసీ వచ్చు, ఈ పుస్తకానికే 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఆయన 2012లో పోయారు. ఇదంతా ఇంగ్లీషులో, 20 సెకన్లలో, బెంగుళూరు వాళ్ళకీ పుణె వాళ్ళకీ. నోరు సులువైన దారి వెతుక్కుంది. పక్క డబ్బాలోంచి ఒకామె "అరె, నేను కూడా అదే! మీరు ఏ చాప్టర్‌లో ఉన్నారు?" అంది. నెట్‌వర్క్ సరిగ్గా లేనట్టు నటించాను.

అసలు శిక్ష తర్వాత పడింది. నాలుగు రోజులయ్యాక క్యాంటీన్‌లో టేబుల్ మీద ఆ పుస్తకం పెట్టి ఇడ్లీ తింటుంటే, మా టీంలోనే టెస్టింగ్ చేసే అమ్మాయి వచ్చి ఆగిపోయింది.

"అన్నా, ఇది సదాశివ సార్ పుస్తకం గదా?"

"అవును, నీకెట్ల తెలుసు?"

"మాది నిర్మల్ అన్నా. మా తాత దగ్గర ఉండె ఇది. సాయంత్రం కాంగనే గట్టిగ చదివి ఇనిపిస్తుండె." కాసేపాగి, "మరి ఆ రోజు కాల్‌ల నువ్వు వేరేదేదో చెప్పినవ్?"

ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. ఏడాదిన్నరగా రెండు సీట్ల అవతల కూర్చునే మనిషి. నిర్మల్ అని కూడా నాకు తెలియదు. ఆ రోజు నేను ఒక్క వాక్యం నిజం చెప్పి ఉంటే ఆ నిమిషమే తెలిసేది. ఆమె ఆ రోజు ఏం చెప్పిందో అడిగాను. ఆమె కూడా ఏదో ఇంగ్లీషు పేరే చెప్పిందట. చదువుతున్నది మాత్రం వేరే. అది కూడా తెలుగే. అంటే ఒకే కాల్‌లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఇద్దరం బ్యాగుల్లో తెలుగు పుస్తకాలు పెట్టుకుని, ఇద్దరం అబద్ధాలు చెప్పాం. అడిగినవాడు మంచి ఉద్దేశంతోనే అడిగాడు పాపం.

ఇక్కడ నా గొడవ ఏమిటంటే, ఈ అబద్ధం ఎవరికీ నష్టం లేని అబద్ధం కాదు. దీనివల్ల పుస్తకాలు చస్తాయి.

ఇంగ్లీషు పుస్తకానికి మనం చెప్పకపోయినా ఫరవాలేదు. దానికి విమానాశ్రయంలో షాపుంది, అమెజాన్ మొదటి పేజీ ఉంది, పాడ్‌కాస్టులున్నాయి. తెలుగు పుస్తకానికి ఇవేవీ లేవు. 500, మహా అయితే 1000 కాపీలు వేసుకుంటారు, అందులో సగం రచయిత మంచం కిందనే ఉంటాయి. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో పుస్తకాల షాపుకు పోయి కథల పుస్తకం అడగండి, గ్రూప్-2 మెటీరియల్ చూపిస్తారు. అలాంటి పుస్తకం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోవడానికి ఉన్న దారి ఒకటే: ఎవరో ఒకరు నోరు తెరిచి "నేనిది చదువుతున్నా" అనడం. అడిగినప్పుడు కూడా అనకపోతే ఆ దారి అక్కడితో బంద్. చదివేవాళ్ళు లేక కాదు మన పుస్తకాలు కనపడకుండా పోతున్నది, చదివేవాళ్ళు చెప్పుకోక. జనవరి 1 ఫోటోల్లో ఒక్క తెలుగు పుస్తకం కూడా లేదని చెప్పడం మర్చిపోయాను. 11 ఫోటోల్లో సుమారు 70 పుస్తకాలు. సున్నా. పెట్టిన 11 మందిలో 8 మందికి తెలుగు మాతృభాష, నాకు తెలిసి ఇద్దరు తెలుగు బ్రహ్మాండంగా చదువుతారు.

మా మేనమామ ముచ్చట చెప్పాలి ఇప్పుడు.

మా బాపు వాళ్ళది ధర్మపురి పక్కన ఊరు, అమ్మ వాళ్ళది లక్షెట్టిపేట పక్కన. మధ్యలో గోదావరి, రాయపట్నం బ్రిడ్జి. అంటే ఒక కాలు పాత కరీంనగర్ జిల్లాలో, ఒక కాలు పాత ఆదిలాబాద్ జిల్లాలో. (2016లో జిల్లాలు విడగొట్టాక ఇప్పుడు అవి జగిత్యాల, మంచిర్యాల అయినాయి. అలవాటు పోలేదు.) మామ మందమర్రిలో సింగరేణి కార్మికుడు. అల్లం రాజయ్య నవల 'కొలిమంటుకున్నది' మొదటిసారి నేను చూసింది ఆయన దగ్గరే. రాజయ్యది మంథని దగ్గర గాజులపల్లి, మన జిల్లా మనిషే. పుస్తకం అట్ట ఎప్పుడో పోయింది, న్యూస్ పేపర్ అట్ట వేసి ఉంది. పేజీల మూలలకు నల్లటి వేలిముద్రలు. ఒక మనిషివి కావు. ఆ పుస్తకం ఫస్ట్ షిఫ్టు నుంచి సెకండ్ షిఫ్టుకు, సెకండ్ నుంచి నైట్‌కు తిరిగేదట. లోపలి అట్ట మీద పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నారు, ఒకరి తర్వాత ఒకరివి. చదివినవాడు కొట్టేసుకుంటాడు, తర్వాతివాడికి ఇస్తాడు. మామ ఏడోవాడు. "నా లంబరు ఎప్పుడొస్తదా అని రెండు నెలలు చూసిన రా" అనేవాడు.

చూశారా, "చదవబోయే పుస్తకం" అంటే అది. దానికి ముందు ఒక మనిషి ఉన్నాడు, వెనక ఒక మనిషి ఉన్నాడు. నువ్వు ఆలస్యం చేస్తే వెనకవాడు వచ్చి "ఏందన్నా, ఇంకెన్ని రోజులు?" అని అడుగుతాడు. నా 212కి వెనక ఎవడున్నాడు?

ఇంకో సంగతి. అదే మామకు "ఏం చదువుతున్నవ్?" అన్న ప్రశ్న అంత తేలికైనది కాదు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మన రెండు జిల్లాల ఊళ్ళలో ఇంట్లో ఏ పుస్తకం ఉంది అన్నది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఊళ్ళోకి జీపు వచ్చిందంటే మా అమ్మ (అప్పుడామెకు పదేళ్ళో పన్నెండేళ్ళో) మామ పుస్తకాలన్నీ తీసి వడ్ల గుమ్మిలో దాచేదట. ఏది ప్రమాదమో ఏది కాదో ఆ పిల్లకు ఏం తెలుసు? పెద్దబాలశిక్ష కూడా గుమ్మిలోకే పోయింది. ఒకసారి కొన్ని పొయ్యిలోకి పోయినాయి. ఆ రాజకీయాలతో మీకు ఒప్పుదలా కాదా అన్నది వేరే ముచ్చట, దాని మీద ఇక్కడ కొట్లాట వద్దు. నేను చెప్పేది ఇంతే: భయపడి దాచిన కాలంలో కూడా ఆ పుస్తకం ఏడుగురికి చేరింది. మనం ఏసీ గదిలో కూర్చుని, ఎవరి భయమూ లేకుండా, కేవలం నామోషీకి దాస్తున్నాం. మన దగ్గరికి వచ్చిన పుస్తకం మన దగ్గరే ఆగిపోతోంది.

"జాబితాలంటే నీకెందుకంత మంట?" అని మా రూమ్మేట్ అడిగాడు ఇది చదివి. జాబితాలంటే మంట లేదు. తెలంగాణ చరిత్రలో గొప్ప జాబితా ఒకటుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు. ఊరూరికీ కబురు పెట్టి 354 మంది కవుల పద్యాలు, వివరాలు సేకరించి 1934లో 'గోల్కొండ కవుల సంచిక' అని అచ్చేసి ముఖాన పడేశాడు. జాబితా వేస్తే అలా వేయాలి. దాంట్లో ప్రతి పేరు వెనక నిజంగా ఒక మనిషి, ఒక పద్యం ఉన్నాయి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి అయితే పుస్తకాల మూట మోసుకుని ఊళ్ళు తిరిగి అమ్మాడు. ఆయన "ఈ ఏడు అమ్మబోయేవి" అని ఫోటో పెట్టి ఊరుకుంటే మన తాతలకు పుస్తకాలు అందేవా?

సరే, నాకు ఎదురయ్యే జవాబులు నాకు తెలుసు. వరసగా చూద్దాం.

"తెలుగులో ఏముంది చదవడానికి?" ఇది నాతో అన్నవాళ్ళలో ముగ్గురు బాసరలో అక్షరాభ్యాసం చేయించుకున్నవాళ్ళు. పలక మీద ఓం నమః రాయించుకుని, అమ్మవారికి మొక్కి, ఆ తర్వాత 25 ఏళ్ళకు ఆ లిపిలో ఏముందని అడుగుతున్నారు. రాష్ట్రమంతా పక్కన పెట్టండి, మన రెండు పాత జిల్లాలే చూద్దాం. హనుమాజీపేట సినారె సంగతి అందరికీ తెలుసు, ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో జ్ఞానపీఠం (1988) తెచ్చుకున్నాడు. సదాశివ గారి గురించి చెప్పాను. కరీంనగర్‌లో నలిమెల భాస్కర్ ఉన్నారు, ఎన్నో భారతీయ భాషలు సొంతంగా నేర్చుకుని, తెలంగాణ పదకోశం కూర్చి, మలయాళం నుంచి 'స్మారక శిలలు' తెచ్చినందుకు 2013లో అకాడమీ అనువాద బహుమతి అందుకున్నారు. ఒక మలయాళం నవల కరీంనగర్ మీదుగా నేరుగా తెలుగులోకి వచ్చిందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మనమేమో కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఒకటి నేర్చుకుంటే లింక్డిన్‌లో వారం రోజులు పండగ చేసుకుంటాం. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఉంది. సినిమా చూసి భీం గురించి మాట్లాడినవాళ్ళలో దాన్ని చదివినవాళ్ళెంతమంది?

ఇంకా ఉంది. 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయాక, ఆ గొడవకు కారణమేందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త సాయం తీసుకుంది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండు పిల్లలకు చదువు చెప్పేందుకు అక్కడే టీచర్ల శిక్షణ మొదలుపెట్టించాడు, 1948లో 'రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' అచ్చయింది. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇంగ్లీషు పుస్తకాలే చదువుతామంటారా, సరే, ఇది ఇంగ్లీషే! మా అమ్మమ్మ ఊరి నుంచి ఒక్కపూట ప్రయాణం అంత దూరంలో జరిగిన సంగతులు. నాకు 26 ఏళ్ళు వచ్చేదాకా దాని పేరు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదనుకోండి.

మన వృత్తికి దగ్గరి ముచ్చట ఒకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ రాతప్రతులు దొరికినాయి, సొంత లిపిలో రాసినవి. ఆ లిపికి 2018లో యూనికోడ్ 11.0లో చోటు దొరికింది. ఆ రోజుల్లో మా బ్యాచ్ గ్రూపులో ఎవరో పెడితే అందరం గర్వపడ్డాం, నేను ఫాంట్ కూడా దింపుకున్నాను. దింపుకుని ఏం చేశాను? ఏమీ లేదు. కోడ్ పాయింట్లు వచ్చినాయి, ఫాంట్ వచ్చింది, చదివేవాడు రావాలి కదా. స్టోరేజీ సమస్య తీరితే పని అయిపోయిందనుకోవడం మన జబ్బు. రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్ ప్రాజెక్టు పుణ్యాన వేల తెలుగు పుస్తకాల స్కాన్లు ఇప్పుడు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి, ఎవరైనా దింపుకోవచ్చు. దానికి మనం చేసిన సేవ: "500 అరుదైన తెలుగు పుస్తకాలు, అందరికీ పంపండి" అని లింకు ఫార్వర్డ్ చేయడం. అందులో ఒక్కటి తెరిచి "23వ పేజీలో ఈ మాట చూడండి" అన్నవాడిని నేను చూడలేదు. లింకు పంపడం పుస్తకం ఇవ్వడం కాదు.

"టైం ఎక్కడుంది?" దీనికి నా దగ్గర ఒకే జవాబు, వంగర పీవీ. రాష్ట్రంలో మంత్రిగా ఉంటూ విశ్వనాథ 'వేయిపడగలు' మొత్తం హిందీలోకి దింపాడు, 'సహస్రఫణ్' 1968లో వచ్చింది. ఆ నవల లావు తెలుసు కదా మీకు? చదవడానికే ఊపిరి ఆడదు. (ఆ విశ్వనాథే కొన్నాళ్ళు కరీంనగర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు, అది ఇంకో టపా.) ఇదే పీవీ అరవై దాటాక కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. అంటే మన పనీ చేశాడు, ఆ పనీ చేశాడు. మనకు స్టాండప్‌కీ రిట్రోకీ మధ్య 10 పేజీలు చదవడానికి టైం లేదట. రీల్స్ లెక్క నేను అడగను, నాది మీరు అడగకండి.

"నేను ఆనందం కోసం చదువుతాను, నువ్వెవడివి చెప్పడానికి?" ఈ మాట నిజమైతే దండం పెడతాను. ఆనందం కోసం చదివేవాడు ప్లాస్టిక్ కవరు తీస్తాడు. వాడికి జనవరి 1 అక్కర్లేదు. వాడు ఇంగ్లీషు క్రైమ్ నవల చదివినా, వంటల పుస్తకం చదివినా నాకు గొడవే లేదు. నిజానికి అటువంటివాడు ఆ కాల్‌లో "నేను క్రైమ్ నవల చదువుతున్నా, హంతకుడెవరో చెప్పకండి" అంటే ఎంత హాయిగా ఉండేది! 14 మందిలో 9 మంది చెప్పినవి నాలుగే నాలుగు పేర్లు. మనుషులు నిజంగా చదివేవి అంత ఒకేలా ఉండవు. ఉద్యోగం కోసం రాసుకునే రెజ్యూమేలు మాత్రమే అలా ఉంటాయి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ జవాబుగా చెప్పరు కానీ నాకు నేనే చెప్పుకునేది: "పుస్తకాలు ఖరీదు, దొరకవు." హైదరాబాద్‌లో ఫ్లాటు ఉన్నవాళ్ళు ఆస్తిపన్ను బిల్లు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఉంటుంది, రూపాయికి 8 పైసలు. ఏటా కడుతున్నారు. లైబ్రరీ గడప ఎప్పుడు తొక్కారు? నేను పోయిన దసరాకు ఇంటికి పోయినప్పుడు దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి పోయాను. హాలంతా పోటీ పరీక్షల పిల్లలు, కూర్చోవడానికి కుర్చీ లేదు, కొందరు బయట వేపచెట్టు కింద చదువుతున్నారు. వాళ్ళను ఒక్క మాట కూడా అనను, ఆ కుర్చీలు వాళ్ళకే కావాలి. కానీ కథలు, నవలల బీరువా దగ్గర ఎవరూ లేరు. ఒక పుస్తకం తీసి వెనక అట్ట చూశాను. తేదీల కాగితం అతికించి ఉంటుంది కదా, రబ్బరు స్టాంపులతో. చివరి స్టాంపు 2009. దాని పైన 2008లో మూడు, 2007లో నాలుగు. పేర్లు లేవు, తేదీలే. అయినా ఆ కాగితాన్ని చూస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపించింది. ఈ ఊళ్ళో ఎవరో వరసగా దీన్ని తీసుకుపోయి, చదివి, తిరిగి తెచ్చారు. ఒక వేసవిలో రెండుసార్లు ఒకే నెలలో. ఇద్దరు స్నేహితులా? అక్కాచెల్లెళ్ళా? నా 43 చప్పట్లకంటే ఆ రెండు స్టాంపులు గట్టివి.

ఆ పుస్తకం తీసుకున్నాను. లైబ్రేరియన్ సార్ కాసేపు స్టాంపు ప్యాడ్ కోసం వెతికాడు. ప్యాడ్ ఎండిపోయింది, రెండు చుక్కలు నీళ్ళు పోసి కొట్టాడు. తేదీ సగమే పడింది.

కాగజ్‌నగర్ గురించి కూడా ఒక మాట. కాగితం పేరు పెట్టుకున్న పట్నం మన జిల్లాలో ఉంది. నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది, మళ్ళీ 2018లో జేకే పేపర్ చేతికి వెళ్ళి తెరుచుకుంది. మూతపడ్డ నాలుగేళ్ళు అక్కడి కుటుంబాలు పడ్డ తిప్పలు పేపర్లలో చదివాం. కాగితం చేసే చోట, అక్షరాలు దిద్దించే చోట, కథలు పుట్టిన చోట మనం పుట్టాం. నేను ఆ కాల్‌లో 20 సెకన్లకు నోరు తిప్పుకోలేకపోయాను.

ఇంతకీ ఏం చేయమంటావు అంటారా? నేనేమీ ఉద్యమం పెట్టడం లేదు. మాకు రోజూ స్టాండప్ ఉంటుంది కదా, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఏమైనా అడ్డం వచ్చిందా అని. నేనూ ఆ నిర్మల్ అమ్మాయీ ఇంకో ఇద్దరమూ కలిసి శుక్రవారం టీ దగ్గర అదే పెట్టుకున్నాం. పుస్తకం పేరు ఒక్కటే చెప్తే కుదరదు, పేజీ నంబరు చెప్పాలి. ఎక్కడ ఆగిపోయావో, ఎందుకు ఆగిపోయావో చెప్పాలి. విసుగొచ్చి వదిలేస్తే వదిలేశానని చెప్పాలి, అందులో తప్పేం లేదు. ఒకసారి ఒకే పుస్తకం, అది అయ్యాకనో వదిలేశాకనో ఇంకోటి. "తర్వాత చదవబోయేది" అని చెప్పాలంటే అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాలి. ఎవరి చేతిలోనూ లేకపోతే, షాపులో కొనబోతున్నా అంటే, కొన్నాక చెప్పు అంటాం. మొదటి వారం నలుగురిలో ముగ్గురికి చెప్పడానికి ఏమీ లేదు. ఒకతను 7వ పేజీ అన్నాడు. మూడో వారానికి అతను 7వ పేజీలోనే ఉన్నాడు, కానీ ఆ 7వ పేజీ గురించి పది నిమిషాలు మాట్లాడాడు.

పెద్ద మాటలు మాట్లాడాను కాబట్టి నా లెక్క నేను చెప్పాలి.

ప్రస్తుతం: హైమెన్‌డార్ఫ్, 'రాజ్ గోండ్స్'. 61వ పేజీ. మూడు వారాలుగా 61వ పేజీ. గోత్రాల లెక్క, ఏ సాగాలో ఎంతమంది దేవతలు, ఎవరికి ఎవరితో పెళ్ళి కుదరదు అన్నది నా తలకెక్కడం లేదు. కాగితం మీద బొమ్మ గీసుకుని చూస్తున్నా. ఉట్నూరు వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే కొంచెం చెప్పి పుణ్యం కట్టుకోండి.

లైబ్రరీ పుస్తకం: అయిపోయింది. గడువు దాటి రెండు నెలలు. సంక్రాంతికి ఇంటికి పోయినా ఇవ్వడం కుదరలేదు, లైబ్రరీ సెలవు. జరిమానా కట్టాలి.

తర్వాత: 'కొలిమంటుకున్నది', మామ కాపీయే. ఎప్పుడో చిన్నప్పుడు సగం చదివి వదిలేశాను. మొన్న ఫోన్ చేసి అడిగితే, "అది బెల్లంపల్లిల ఒకాయన దగ్గరున్నది రా, ఆయన రిటైరయిండు, తీరిగ్గ చదువుతుండు. ఆయన తర్వాత నిర్మల్ పిల్లకు ఇస్తనన్న, నువ్వే గదా నంబర్ ఇప్పించినవ్. ఆ పిల్ల తర్వాత నీ లంబరు" అన్నాడు.